పడియా మీద గడ్డి గీకించకండి బాబూ: టోర్నమెంటు కమిటీకి ఒక పాత గోల్‌కీపర్ ఉత్తరం

కమిటీలో ఉన్న పెద్దలకి, అన్నయ్యలకి, ఒకప్పుడు నాతో కలిసి ఆడి ఇప్పుడు కమిటీలో కుర్చీలేసుకుని కూర్చున్న నా ఈడు వాళ్ళకి, అందరికీ నమస్కారం.

నిన్న సాయంత్రం షాపు కట్టేసి ఇంటికి వస్తుంటే పడియాలో, అదే మన ఊరి ఫుట్‌బాల్ గ్రౌండులో, గేలరీ పక్కన పసుపు జేసీబీ నిలబడి ఉంది. చూడగానే అర్థమైపోయింది, టోర్నమెంటు దగ్గరికొచ్చింది, మళ్ళీ గ్రౌండ్ రెడీ చేస్తారన్నమాట. డ్రైవర్ గుంటడు బకెట్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఎప్పుడు మొదలెడతావురా అంటే సోమవారం అన్నాడు, ఏటి చెయ్యమన్నారు అంటే పైన గడ్డంతా గీకేసి లెవెల్ కొట్టమన్నారు, తర్వాత మొరం లోడ్లు వస్తాయట అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. మన వాట్సాప్ గ్రూపులో రాద్దామనుకున్నాను గానీ అక్కడ నాలుగు ముక్కలు రాసేలోపే గుడ్ మార్నింగ్ పువ్వుల ఫొటోలు వచ్చి పైన పడతాయి, పైగా ఇది కమిటీ ఒక్కదాని సంగతి కాదు, ఏడాదికోసారి పడియా చుట్టూ నిలబడి ఈలలేసే అందరి సంగతీను, అందుకని అందరూ చదివేలాగే రాస్తున్నాను.

నేనెవరో మీలో చాలామందికి తెలుసు. తొమ్మిదేళ్ళు మా వీధి టీముకి గోల్ కాసాను, ఇప్పుడు బస్టాండు దారిలో మోటార్లు పైపుల షాపు. గ్రౌండ్ గురించి అడగాలంటే గోల్‌కీపర్నే అడగాలని నా నమ్మకం, ఎందుకంటే మిగతా పదిమందీ గ్రౌండ్ మీద పరిగెడతారు, మేం ఒక్కళ్ళమే దాని మీద పడతాం. నా ఎడమ మోచేతి మీద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ ఇప్పటికీ ఉంది. అది మన మొరమే.

ఏటా జరిగేది ఏటంటే, వానాకాలం నాలుగు నెలలూ పడియాని ఎవరూ పట్టించుకోరు, ఆ నాలుగు నెలల్లోనే పాపం గరిక తనంతట తాను అల్లుకుని దసరా నాటికి గ్రౌండ్ మూడొంతులు పచ్చగా అవుతుంది. సరిగ్గా అప్పుడు మనం మిషన్ దింపుతాం. గడ్డి, గడ్డితోపాటు వేళ్ళు, వేళ్ళతోపాటు పైన ఉన్న మెత్తటి మన్ను అంతా గీకి గోడ వార కుప్ప పోస్తాం, దాని మీద మొరం పరుస్తాం, రోడ్డు పని కాంట్రాక్టర్ని బతిమాలి ఎనిమిది పది టన్నుల రోడ్ రోలర్ తెచ్చి తొక్కిస్తాం, ట్యాంకర్‌తో నీళ్ళు కొట్టి సున్నం గీతలు గీస్తాం. ఓపెనింగ్ రోజు పొద్దున్న డ్రోన్ వీడియోలో చూస్తే ఎర్రగా నున్నగా కొత్తగా అలికిన వాకిలిలా ఎంత బాగుంటుందో, నేను కాదనను. ఆ అందం మొదటి మ్యాచ్ హాఫ్ టైమ్ దాకా ఉంటుంది. తర్వాత దుమ్ము. రెండో రోజుకి పెనాల్టీ బాక్సులో ఎవరు ఎవర్ని తన్నారో రిఫరీకే కనపడదు.

మీరు గీకించేసేది కలుపు అనుకుంటున్నారు, అది కలుపు కాదు. వినాయక చవితికి కోసి తెచ్చి పూజలో పెడతామే, అదే గరిక. ఇక్కడ మన ఒడియా వాళ్ళు దూబ అంటారు. దేశంలో పెద్ద పెద్ద ఫుట్‌బాల్ గ్రౌండ్లలో, క్రికెట్ గ్రౌండ్లలో డబ్బులు పోసి పెంచేది ఈ జాతి గడ్డినే, బెర్ముడా గ్రాస్ అని ఇంగ్లీషు పేరు పెట్టి. నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు పెడుతుంది, నేల కింద కూడా తీగలు పోతాయి, తొక్కితే చావదు, ఎండకి భయపడదు, కాస్త నీడ పడితేనే నీరసపడుతుంది. ఇంత మొండి గడ్డి ఫ్రీగా వచ్చి మన పడియాలో కూర్చుంటే మనం గంటకింత అని కిరాయి కట్టి తీయించేస్తున్నాం! నిజంగా కలుపు కావాలంటే గేలరీ వైపు మూల చూడండి, అక్కడ తుంగ లేచింది. తుంగ ఉందంటే ఆ చోట నీరు నిలబడుతోందని నేలే చెబుతున్నట్టు, ఏ రైతునడిగినా చెప్తాడు. ఇంకోటి పల్లేరు. గడ్డి ఉన్న చోట పల్లేరు పెద్దగా రాదు, గీకేసిన బోడి నేల మీదే అది పరుచుకుంటుంది. మన్యం నుంచి వచ్చే టీముల్లో సగంమంది ఇప్పటికీ ఉత్తి కాళ్ళతో ఆడతారు, 1911లో కలకత్తా టీము మోహన్ బగాన్ వాళ్ళు ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో బ్రిటిష్ సైన్యం టీము ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని రెండు ఒకటితో కొట్టింది కూడా ఎక్కువమంది ఉత్తి కాళ్ళతోనే అని మనం మైకులో గొప్పగా చెప్తాం, చెప్పిన వెంటనే ఆ కుర్రోళ్ళని పల్లేరు కాయల మీదకి దింపుతాం.

ఇప్పుడు ఆట సంగతికొస్తాను, అసలు చెప్పాలనుకున్నది ఇదే.

గోల్ ముందు ఆరు గజాల బాక్సు ఉంది కదా, మన పడియాలో అది బాక్సు కాదు, మూకుడు. తొక్కీ తొక్కీ మధ్యలో జానెడు లోతు దిగిపోయింది, పైన మొరం వేసినప్పుడు పూడుతుంది, రెండు మ్యాచులకి ఆ మొరం ఎగిరిపోయి మళ్ళీ మూకుడే. కీపర్ మూకుడు లోపల నిలబడతాడు కాబట్టి వాడి ఎత్తులో జానెడు అప్పుడే పోయింది. వస్తున్న బాల్ మూకుడు అంచు మీద పడిందనుకోండి, దూకి భుజం మీంచి పోతుంది, అంచు దాటి లోపల పడిందనుకోండి, దుమ్ములో చచ్చిపోయి కాళ్ళ దగ్గర ఆగుతుంది. ఏ బాల్ ఏం చేస్తుందో ముందు తెలీదు. నేను ఆడిన ఆఖరి సెమీఫైనల్లో నలభై గజాల నుంచి వాడు ఊరికే ముందుకు తోసిన బాల్, పట్టుకుందామని వంగి కూర్చున్నాను, చేతులు నేలకి ఆనించి ఉన్నాను, అది అంచుకి తగిలి నా చెవి పక్క నుంచి లోపలికెళ్ళిపోయింది. జనం నవ్వారు. మా అమ్మ కూడా నవ్విందని తర్వాత తెలిసింది. నేను దానికి ఎవర్నీ అనలేదు, ఇప్పుడూ అనను, కానీ ఆ రోజు నుంచి నేను ఆట చూడ్డం మానేసి నేల చూడ్డం మొదలెట్టాను.

మా మేనల్లుడు సంగతి చెప్తాను, వాడి పేరు రాయను, సిగ్గుపడతాడు. ఐదారేళ్ళ వయసు నుంచి మన పడియాలోనే ఆడాడు, మిడ్‌ఫీల్డులో వాడంత చురుకైనోడు మన ఊళ్ళో లేడని మీరే అంటారు. క్రితం ఏడాది ట్రయల్స్‌కి భువనేశ్వర్ తీసుకెళ్ళాను, గడ్డి గ్రౌండ్, పొద్దున్నే నీళ్ళు కొట్టి ఉంచారు, తివాచీలా ఉంది. మొదటి పాస్ వాడి దగ్గరికొచ్చింది. వాడు కుడికాలు మోకాలి ఎత్తుకి లేపాడు. ఎందుకో తెలుసా, బాల్ ఎగురుతుందని. మన గ్రౌండులో ఎగురుతుంది కదా. అక్కడ ఎగరలేదు, తిన్నగా నేల మీద జారుకుంటూ వచ్చి వాడి అరికాలు కిందనుంచి వెళ్ళిపోయింది. రెండోది, మూడోది కూడా దాదాపు అలాగే. తర్వాత పాస్ ఇచ్చేటప్పుడు ప్రతీదీ గాల్లోకి లేపి ఇస్తున్నాడు, అక్కడ కోచ్ బాల్ కింద పెట్టు కింద పెట్టు అని అరుస్తున్నాడు, వీడికి అర్థం కావట్లేదు, ఎందుకంటే పుట్టి బుద్ధెరిగాక నేల మీద ఇచ్చిన పాస్ అవతలివాడికి తిన్నగా చేరడం వీడు చూడలేదు, గాల్లో ఇస్తేనే చేరుతుంది. తిరిగొచ్చేటప్పుడు ట్రైన్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. బరంపురం దాటాక అడిగాడు, "మావయ్యా, వాళ్ళు బాల్ చూడకుండా ఎలా ఆపుతున్నారు" అని.

అదే నేను చెప్పేది కూడా. బాల్ ఎటు గెంతుతుందో నమ్మకం లేనప్పుడు ఆడేవాడు తల దించుకునే ఉంటాడు, కళ్ళు బాల్ మీదే. తల దించుకున్నోడికి ఎవరు ఖాళీగా ఉన్నారో కనపడదు, ఎవడు మీదికొస్తున్నాడో కనపడదు, కాబట్టి దొరికిన బాల్ దొరికినట్టు ముందుకి తన్నేస్తాడు. మన టోర్నమెంటు మ్యాచ్ ఏదైనా గుర్తు తెచ్చుకోండి, తన్నుడు, పైకి చూడ్డం, పరిగెత్తడం, మళ్ళీ తన్నుడు. మన కుర్రోళ్ళకి బుర్ర లేదని మైకు దగ్గర కూర్చున్న పెద్దాయన ఏటా అంటారు. బుర్ర ఉంది అయ్యా, పైకెత్తే అవకాశం మనం ఇవ్వట్లేదు.

దీనికి రుజువు మన ఊళ్ళోకే ఏటా వస్తోంది, మనమే గమనించట్లేదు. కొండ మీద సవర ఊళ్ళ నుంచి వచ్చే టీములు చూడండి. వాళ్ళ ఊళ్ళో గ్రౌండ్ అంటే ఏటవాలు జాగా, ఒక గోల్ ఎత్తులో ఉంటే ఇంకోటి పల్లంలో, గీతలుండవు, గోల్ అంటే రెండు వెదురు బొంగులు, ఫస్ట్ ప్రైజు ఖాసి మేకపోతు. కానీ గడ్డి ఉంటుంది. అక్కడికి జేసీబీ ఎక్కదు, రోడ్ రోలర్ అస్సలు ఎక్కదు, ఆవులూ మేకలూ మేసి మేసి గడ్డిని అంగుళం ఎత్తులో ఉంచుతాయి, పెట్రోల్ లేని మోవర్లు. నేను రెండుసార్లు మోటార్ బిగించడానికి వెళ్ళి అక్కడ మ్యాచ్ చూశాను, చిన్న చిన్న పాసులు, మూడు టచ్‌లకి ఒక మలుపు, చూస్తూ నిలబడిపోయాను, మోటార్ వాళ్ళే బిగించుకున్నారు. అదే టీము మన పడియాకి వచ్చి మొదటి రౌండులోనే మూడు గోల్స్ తేడాతో ఓడిపోతుంది. మన వాళ్ళు అంటారు, కొండ మీద ఆడతారు గానీ పెద్ద గ్రౌండులో ఆడలేరు అని. పెద్ద గ్రౌండు అని కాదు, చెడ్డ గ్రౌండు అని.

ఇవన్నీ గాలి మాటలు అనుకుంటారేమో అని మొన్న ఆదివారం నేనూ మా మేనల్లుడూ ఒక పని చేశాం. షాపులో టేపు, ఇంట్లో నిచ్చెన పట్టుకెళ్ళి రెండు మీటర్ల ఎత్తు నుంచి బాల్ వదిలి ఎంత లేస్తోందో కొలిచాం. ఫిఫా వాళ్ళు ఆర్టిఫిషియల్ టర్ఫ్‌కి, అంటే ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్లకి, సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఇలాగే రెండు మీటర్ల నుంచి వదిలి చూస్తారు, పై గ్రేడుకి 60 నుంచి 85 సెంటీమీటర్ల మధ్య లేవాలి. మనది సెంటర్ సర్కిల్‌లో ఒక మీటరు ఇరవై దాటింది. గోల్ ముందు మూకుడులో నలభై ఐదు. గోడ వార కార్నర్ దగ్గర, ఇంకా మిషన్ చూడని గరిక మీద, డెబ్బై ఎనిమిది. ఒకే గ్రౌండులో, ఒకే బాల్‌తో. అంటే మన సొమ్ము పెట్టి తయారు చేసిన చోటు ఫెయిలు, ఎవరూ ముట్టుకోని చోటు పాసు.

ఇంకోటి, పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి తెచ్చి నేలలోకి గుచ్చాను. గోడ వార పిడి దాకా దిగింది. సెంటర్లో రెండు చేతులూ వేసి ఒళ్ళు బరువంతా పెడితే అర అంగుళం. మన్ను అంటే మధ్యలో సందులుంటాయి, ఆ సందుల్లో గాలీ నీరూ తిరుగుతాయి, వేరు బతుకుతుంది. రోడ్ రోలర్ తొక్కితే సందులు మూసుకుపోతాయి, రోడ్డుకి కావలసింది అదే, గ్రౌండుకి కాకూడనిది అదే. చెంబుడు నీళ్ళు పోసి చూశాను, గోడ వార పోసింది పోసినట్టు ఇంకిపోయింది, పెనాల్టీ స్పాట్ దగ్గర పోసిన నీళ్ళు మేం టీ తాగొచ్చాక కూడా అలాగే మెరుస్తూ ఉన్నాయి. అందుకే వాన పడితే చెరువు, ఎండ కాస్తే దుమ్ము, మధ్యలో ఇంకో అవస్థే లేదు మన పడియాకి. మొన్న అల్పపీడనం వచ్చినప్పుడు చూశారుగా, మిల్లు నుంచి ఊక తెచ్చి బురదలో పోశాం, ఊకా బురదా కలిసి గోడలకి పూసే అడుసులా తయారైంది, బూట్లు ఊడొచ్చాయి.

నేల మ్యాచ్‌ని మార్చేస్తుందని పెద్ద దేశాల వాళ్ళకి ఎప్పుడో తెలుసు. 1974 వరల్డ్ కప్‌లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెస్ట్ జర్మనీ, పోలండ్ మ్యాచ్, గెలిచినోడు ఫైనల్‌కి. ముందు కుండపోత వాన, ఫైర్ ఇంజన్ వాళ్ళు పంపులు పెట్టి నీళ్ళు తోడారు, రోలర్లతో నీళ్ళు తోసారు, ఆలస్యంగా మొదలెట్టారు. ఆ ఏడాది పోలండ్‌కి రెండు వింగుల్లోనూ గుర్రాల్లాంటి ఆటగాళ్ళు, లాటో, గడోచా. ఆ నీళ్ళల్లో బాల్ తోస్తే ఆగిపోతుంటే గుర్రాలు ఏం పరిగెడతాయి? 76వ నిమిషంలో గెర్డ్ ముల్లర్ ఒక్క గోల్ కొట్టాడు, అయిపోయింది. పొడి నేల అయితే ఎవరు గెలిచేవాళ్ళో అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఇంగ్లండులో డెర్బీ వాళ్ళ గ్రౌండ్ అయితే మన దానికి అన్నయ్య, 1977లో మాంచెస్టర్ సిటీ మీద పెనాల్టీ వచ్చింది, తీరా చూస్తే పెనాల్టీ స్పాట్ మట్టిలో కనపడట్లేదు, గ్రౌండ్స్‌మన్ టేపూ పెయింటు బకెట్టూ పట్టుకొచ్చి 12 గజాలు కొలిచి చుక్క పెట్టాక అప్పుడు కొట్టారు. కేంబ్రిడ్జ్ యునైటెడ్ అని చిన్న టీము ఉంది, 1990ల మొదట్లో దానికి జాన్ బెక్ మేనేజరు, ఆయన మరీ ఘటికుడు, కార్నర్ల దగ్గర గడ్డి కావాలనే పొడుగ్గా వదిలేయించేవాడు, తన టీము కొట్టే లాంగ్ బాల్స్ బయటికి పోకుండా ఆ గడ్డిలో ఆగాలని. వరసగా రెండేళ్ళలో రెండు డివిజన్లు పైకెక్కారు. ఇప్పుడు యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ రూల్స్‌లో గడ్డి 30 మిల్లీమీటర్లు దాటకూడదు, గ్రౌండంతా ఒకే ఎత్తు ఉండాలి అని ఉంది, ఊరికే పెట్టలేదు ఆ రూలు. అక్కడ కొందరు గెలవడానికి నేలని వాడుకున్నారు, మనం అదీ కాదు, ఎవరికీ లాభం లేకుండా పాడు చేసుకుంటున్నాం.

కమిటీలో ఒకరు, నాకు వరసకి బావే, ఈ గోలంతా ఎందుకు ఆర్టిఫిషియల్ టర్ఫ్ వేయించేద్దాం, ఎమ్మెల్యే ఫండ్ అడుగుదాం అన్నారట. బావా, నీ మంచి మనసుకి దండం. 1981లో లండన్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ వాళ్ళు వేయించారు, బాల్ టెన్నిస్ బాల్‌లా గెంతేది, ఒళ్ళు చెక్కుకుపోయేది, చివరికి వాళ్ళే పీకించేశారు. ఇప్పుడొచ్చేవి అంతకన్నా చాలా మెరుగే, కాదనను, అయినా 2015లో కెనడాలో ఆడవాళ్ళ వరల్డ్ కప్ మొత్తం టర్ఫ్ మీద పెడితే పెద్ద పెద్ద ప్లేయర్లు కేసు వేసేదాకా వెళ్ళారు. మన వైశాఖం ఎండలో ప్లాస్టిక్ గడ్డి మీద మధ్యాహ్నం ఉత్తి కాలు పెట్టి చూడు, పెనంలా ఉంటుంది. పదేళ్ళ లోపే అరిగిపోతుంది, అప్పుడు మళ్ళీ ఎవరి ఫండ్? పైగా దాని మీద రథయాత్ర మేళా పెట్టనిస్తావా నువ్వు?

మేళా అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తాను. మేళా వద్దనను, మా పిల్లలు కూడా జెయింట్ వీల్ ఎక్కుతారు, జిలేబీ తింటారు. కానీ వెళ్ళిపోయేటప్పుడు టెంట్ల వాళ్ళు మేకులు పీకిన కన్నాలు పూడ్చి వెళ్ళాలని ఒక్క ముక్క అగ్రిమెంటులో రాయండి, అడ్వాన్సు కొంచెం పట్టి ఉంచండి. మన వైపు పిల్లల్ని గుంటలు అంటాం, గోతుల్నీ గుంటలే అంటాం. మన పడియాలో గుంటలు గుంటల్లో ఆడుతున్నాయి. క్రితం ఏడాది ఒక కుర్రాడి మడమ అలాంటి కన్నంలోనే మెలిపడింది, రెండు నెలలు పనికెళ్ళలేకపోయాడు, వాడు రోజుకూలీ. 2018లో తిత్లీ తుఫానుకి పడిపోయిన రావిచెట్టు మొద్దు తీసిన చోట కూడా నేల ఇప్పటికీ దిగిపోతూనే ఉంది, సరిగ్గా లెఫ్ట్ వింగ్ గీత మీద. లండన్‌లో వెంబ్లీ అంతటి స్టేడియమే 2007లో కొత్తగా తెరిచాక పాటల కచేరీలూ వేరే ఆటలూ పెట్టి పెట్టి మొదటి మూడు నాలుగేళ్ళలో పదిసార్లు దాకా గడ్డి మార్చుకోవాల్సి వచ్చింది, మనమెంత.

సరే, వద్దు వద్దు అనడం తేలిక, ఏం చేయాలో కూడా చెప్పాలి కదా.

మొదటిది, ఈ టోర్నమెంటుకి గ్రౌండంతా పచ్చగా అయిపోతుందని నేను అబద్ధం చెప్పను. చలి మొదలైతే గరిక ఎదుగుదల తగ్గిపోతుంది, నెలన్నరలో అద్భుతాలు జరగవు. కానీ ఉన్న మూడొంతులు ఉంచితే అదే సగం గెలుపు. బోడిగా ఉన్న చోట, అంటే రెండు గోల్‌పోస్టుల ముందూ సెంటర్లోనూ, గునపాలతో జానెడుకో పోటు పొడిపిద్దాం, నాలుగు అంగుళాల లోతు. ఆ కన్నాల్లోకి నది ఇసక తోద్దాం. మన దగ్గర వంశధార ఉంది, ఇంకేం కావాలి. లెక్క వేశాను, మన పిచ్ 92 మీటర్లు ఇంటూ 58, మొత్తం మీద అర సెంటీమీటరు మందం పరిచినా 27 క్యూబిక్ మీటర్ల లోపే, అంటే తొమ్మిది పది యూనిట్ల ఇసక, అంతే, పది ట్రాక్టర్లు. మీరు ఏటా తోలించే మొరం అంతకన్నా ఎక్కువే. తహసీల్దార్ ఆఫీసులో పర్మిట్ రాయించుకుని తెద్దాం, రాత్రిపూట దొంగ ట్రాక్టర్లు వద్దు. ప్లాస్టరింగ్‌కి జల్లించినట్టు జల్లించాలి, లేకపోతే గులకరాళ్ళు మళ్ళీ మా కీపర్ల మోచేతులకే. ఇసక పొరలా పైన ఉండిపోకూడదు, చీపుర్లతో కన్నాల్లోకి తోసెయ్యాలి, అప్పుడే నీరు దిగుతుంది.

గరిక కొనక్కర్లేదు. పొలం గట్ల మీద పీకి పారేస్తూ ఉంటారు రైతులు, తీసుకుపోతామంటే దండం పెట్టి ఇస్తారు. నాలుగు అంగుళాల ముక్కలు చేసి జానెడు దూరంలో నాటి సాయంత్రం పూట తడిపితే చాలు, మా షాపు నుంచి స్ప్రింక్లర్లు రెండూ రెండొందల అడుగుల పైపూ నేను ఇస్తాను, తిరిగి అడగను. నాటిన చోట మూడు నాలుగు వారాలు ఎవరూ తొక్కకూడదు, అదే కష్టం, ప్రాక్టీసుకి గోల్‌పోస్టులు అడ్డంగా గేలరీ వైపు తిప్పుకోమందాం. పొద్దున్న ప్రాక్టీసు చేసే ఆడపిల్లల టీముకి ఇప్పటికే చెప్పాను, వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు, మగ పిల్లలే గొణుగుతున్నారు.

గీతలకి సున్నం వద్దు. అది పూర్తిగా చల్లారని సున్నం అయితే చెమట తగిలితే చర్మం కాలుతుంది, కంట్లో పడితే ఇంకా ఘోరం. ముగ్గు పిండి వాడండి, మన ఆడవాళ్ళు ఇన్నేళ్ళ నుంచి వట్టి చేత్తో వేస్తున్నారు, ఎవరికీ ఏం కాలేదు. గీత 12 సెంటీమీటర్లు దాటకూడదు అని రూలు, మనది ఒక్కోచోట మూరెడు ఉంటుంది, బాల్ లోపలా బయటా అని కొట్టుకుంటారు మరి.

ఇంక గ్రౌండ్ చూసుకునే ముసలాయన. ఆయనకి మీరు టోర్నమెంటు పది రోజులకే కూలీ ఇస్తారు. ఏడాది పొడుగునా నెలకింత అని ఇవ్వండి. డీజేకి ఇచ్చే దాంట్లోంచి కొంత, చీఫ్ గెస్టులకి కప్పే శాలువాల్లోంచి కొంత తీసినా సరిపోతుంది, శాలువా కప్పించుకున్న ఏ ఒక్కరూ దాన్ని రెండోసారి కప్పుకోగా నేను చూడలేదు. తడి నేల మీద ఆవుల్ని రానీకుండా గేటు వేసేవాడు ఒకడుండాలి, గడ్డి పెరిగితే ఒక్కసారే బోడిగుండు కొట్టకుండా మూడో వంతు మించకుండా కోసేవాడు ఉండాలి. ఆయనకి ఆ పని వచ్చు, వరి పండించినోడు, ఎవరూ అడగలేదంతే.

ఇంక మిషన్ సంగతి. వచ్చింది, కిరాయి మాట్లాడేశారు, ఇప్పుడు పంపించేస్తే డబ్బులు దండగ అంటారు, అదీ నిజమే. పంపించొద్దు. గడ్డి గీకే పని మానిపించి కాలవ తీయించండి. గేలరీ వైపు తుంగ లేచిన మూల నుంచి గోడ వార అడుగున్నర లోతు కాలవ, తిన్నగా వెనక కల్వర్టు దాకా. వాలు నేను ట్యూబ్ లెవెల్‌తో చూసి పెడతాను, కన్నాల పైపు ఎక్కడ వేయాలో కంకర ఎంత పోయాలో నా రోజువారీ పనే అది. మధ్యలోంచి రెండు పక్క గీతల వైపుకీ మీటరుకి ఒక సెంటీమీటరు వాలు పెట్టాలి, అంటే పొడుగునా నడుమ భాగం పక్క అంచుల కన్నా అడుగుకి కొంచెం తక్కువ ఎత్తు ఉండాలి, అది ఇప్పుడు కాదు, వేసవిలో నిదానంగా చూసుకుందాం. ఈసారికి కాలవ చాలు.

డ్రైవర్‌తో మాట్లాడాను. గీకమన్నా తవ్వమన్నా గంట రేటు ఒకటే అన్నాడు. ఆదివారం పొద్దున్న ఆరింటికి నేనూ ముసలాయనా పడియాలో ఉంటాం, సెక్రటరీ గారు, ప్రెసిడెంటు గారు, మా బావ కూడా వస్తే బాగుంటుంది. స్క్రూడ్రైవర్ తెస్తాను, సెంటర్లో మీరే గుచ్చి చూడండి.

మీ పాత గోల్‌కీపర్,
పైపుల షాపు, బస్టాండు దారి